గొట్టం దించే ముందు పద్దు తేలాలి

చిన్న పట్టణంలో భూగర్భ డ్రైనేజీ పనిచేయాలంటే చాలా అంగాలు ఒకదానికొకటి అందుకోవాలి. మరుగుదొడ్డి, స్నానాల గది, వంటింటి నీళ్లను వీధి గొట్టానికి కలిపే కనెక్షను కావాలి. గొట్టంలో పూడిక తీయడానికి మ్యాన్‌హోళ్లు, పల్లంలో చేరిన మురుగును పైకి తోడే పంపులు, శివారులో శుద్ధి కేంద్రం, శుద్ధి అయిన నీరు పోయే దారి కావాలి. వీటన్నిటికీ నెలనెలా కరెంటు బిల్లు, జీతాలు కట్టే ఖాతా కూడా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తెగినా మిగతావాటిపై పెట్టిన డబ్బు భూమిలో పాతిపెట్టినట్టే. నెల్లూరు తీరంలో కావలి, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, బుచ్చిరెడ్డిపాళెం వంటి ఊళ్లలో ప్రతి మున్సిపల్ ఎన్నికకూ, ప్రతి భారీ వానకూ పైకి వచ్చే ప్రశ్న ఒకటే: అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఎప్పుడు? దీనికి జవాబుగా ఇన్నాళ్లూ అంచనా వ్యయం చెబుతూ వచ్చారు. పదిహేనో ఏట పంపు కాలిపోతే కొత్తది ఎవరి డబ్బుతో వస్తుందో ఆ అంచనాల్లో అరుదుగా కనబడుతుంది. ఈ తీరపు చిన్న పట్టణాలకు అసలు చిక్కు అక్కడే ఉంది.

2011 జనాభా లెక్కల నాటికి కావలి జనాభా లక్షకు కాస్త తక్కువ. గూడూరు డెబ్బై వేలు దాటింది. నాయుడుపేట, సూళ్లూరుపేట నలభై వేలు దాటాయి. బుచ్చిరెడ్డిపాళెం 2020లో నగర పంచాయతీ అయింది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు దక్షిణాన ఉన్న ఊళ్లు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా నేల తీరు, వాన తీరు, మురుగు చేరే చోటు మారలేదు. ఇలాంటి ఊళ్లలో మురుగు ఏర్పాటు అంటే ఇంటికో సెప్టిక్ ట్యాంకు, వీధికో సైడు కాలువ. నియమం ప్రకారం సెప్టిక్ ట్యాంకు నుంచి బయటికొచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం ఆ గుంత తాగునీటి బావికి 18 మీటర్ల దూరంలో ఉండాలి. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు, బోరు, ట్యాంకు అన్నీ పెట్టుకున్న కుటుంబానికి 18 మీటర్లు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే ట్యాంకు గొట్టాన్ని చాలామంది సైడు కాలువలోకే వదులుతారు. ఆ కాలువ చెరువులోకో, వాగులోకో, బకింగ్‌హాం కాలువ వైపో పోతుంది. దేశంలోని పట్టణ కుటుంబాల్లో మురుగు గొట్టంతో అనుసంధానమైనవి 32.7 శాతం, సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడ్డవి 38.2 శాతం అని అదే జనాభా లెక్కలు చెప్పాయి. అంటే సెప్టిక్ ట్యాంకు వెనుకబడిన ఊళ్ల తాత్కాలిక ఏర్పాటేమీ కాదు. దేశంలో పట్టణ జీవితానికి ఎక్కువ ఆసరా అదే.

తీరపు నేల స్వభావం ఈ సమస్యకు మొదటి షరతు పెడుతుంది. మురుగు గొట్టం వాలు మీద నడుస్తుంది. లోపలి మడ్డి అడుగున పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే ప్రవాహ వేగం సెకనుకు 0.6 మీటర్లకు తగ్గకూడదని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ మాన్యువల్ చెబుతుంది. వీధుల్లో వేసే 150 మిల్లీమీటర్ల గొట్టానికి సుమారు 170 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఇవ్వాలి. ఆ లెక్కన కిలోమీటరు దూరం పోయేసరికి గొట్టం దాదాపు ఆరు మీటర్లు కిందికి దిగుతుంది. నేలే అంత వాలుగా ఉన్న ఊళ్లో ఇబ్బంది లేదు. కిలోమీటరుకు ఒక మీటరైనా దిగని తీర మైదానంలో మాత్రం తేడా అంతా తవ్వకంలోనే రావాలి. గొట్టం లావయ్యేకొద్దీ తక్కువ వాలు సరిపోతుంది గానీ, లావు గొట్టానికి తగినంత మురుగు చిన్న ఊళ్లో ఉండదు. మూడు నాలుగు మీటర్ల లోతుకు దిగితే ఇసుక నేలలో ఊట తగులుతుంది. కందకం గోడలు కూలకుండా షీట్లు దించాలి, నీరు తోడుతూ గొట్టం వేయాలి. ఖర్చు పెరిగేది గొట్టం ధరతో కాదు, లోతుతో. ఆ లోతు తప్పించాలంటే మధ్యమధ్య ఎత్తిపోత పంపులు పెట్టాలి. ప్రతి పంపూ ఒక కరెంటు బిల్లు, ఒక జనరేటరు, ఒక కాపలా మనిషి. కొండవాలు మీద ఉన్న ఊరికి భూమి ఉచితంగా చేసిపెట్టే పనిని నెల్లూరు తీరంలో కరెంటుతో కొనుక్కోవాలి.

తుపాన్లు ఈ లెక్కను ఇంకా బరువెక్కిస్తాయి. ఈ ప్రాంతానికి వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపాను అక్కడి పెద్దలకు ఇప్పటికీ గుర్తే. 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో తీరం వెంబడి పాకి బాపట్ల దగ్గర దాటిన మిగ్‌జాం ఈ తరం చూసినవి. అలాంటి రోజుల్లో మొదట పోయేది కరెంటు, మొదట మునిగేది పల్లపు పంపు గది. వాన నీరు మ్యాన్‌హోలు మూతల్లోంచి, గొట్టాల అతుకుల్లోంచి మురుగు గొట్టంలోకి జొరబడితే మురుగు ఇళ్లలోకి ఎదురు తన్నుతుంది. ఈ తీరంలో వాన కాలువనూ మురుగు గొట్టాన్నీ వేరుగా ఉంచడం పుస్తక నియమంగా మిగిలిపోకూడదు. మురుగు గొట్టం వేస్తే వాన నీటి సమస్య కూడా తీరిపోతుందని ఎన్నికల వేదికల మీద చెప్పే మాట అందుకే ప్రమాదకరం. ఆ మాట నమ్మి సైడు కాలువల పూడిక తీయడం ఆపేసిన ఊరు రెండు విధాలా మునుగుతుంది.

నీటి సరఫరా రెండో షరతు. గొట్టంలో మలాన్ని మోసుకుపోయేది నీరే. అందుకే మురుగు గొట్టాలున్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేని పట్టణంలో 70 లీటర్లు అని తాగునీటి సరఫరాకు ప్రమాణం పెట్టారు. సరఫరా అయిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని లెక్క వేస్తారు. యాభై వేల మంది ఉన్న ఊరికి 135 లీటర్ల ప్రమాణంతో వ్యవస్థను గీస్తే రోజుకు 54 లక్షల లీటర్ల మురుగు వస్తుందని శుద్ధి కేంద్రం కడతారు. ఆ ఊళ్లో నిజంగా అందేది 70 లీటర్లే అయితే వచ్చేది 28 లక్షల లీటర్లు. పైగా ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాకు గొట్టాలు గీస్తారు కాబట్టి మొదటి ఏళ్లలో ప్రవాహం ఇంకా పలచగా ఉంటుంది. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో గొట్టం సగం ఎండి మడ్డి గట్టిపడుతుంది. సూక్ష్మజీవులతో నడిచే శుద్ధి కేంద్రానికి మేత చాలక అది సరిగా పనిచేయదు. తాగునీటి పథకం నమ్మకంగా నడవని ఊళ్లో మురుగు పథకానికి పునాది లేదు. నీటి మీటర్ల లెక్క, మురుగు గొట్టాల లెక్క ఒకే పత్రంలో ఉండవలసింది అందుకే.

ఇంత చిక్కు ఉన్నప్పుడు ఉన్న తీరునే సాగనిస్తే పోదా అంటే, అదీ కుదరదు. సూళ్లూరుపేటను ఆనుకుని పారే కాళంగి నది పులికాట్ సరస్సులో కలుస్తుంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అది. లోతు తక్కువ కాబట్టి, చేరిన మలినం పలచబడే వీలు కూడా తక్కువ. ఫ్లెమింగోల పేరు మీద పండుగ చేసుకునే ఊరి మురుగు ఆ పక్షులు మేసే నీటిలోకే చేరడం ఈ ప్రాంతం కళ్లెదుటి వాస్తవం. నాయుడుపేట పక్కగా స్వర్ణముఖి, నెల్లూరును ఒరుసుకుని పెన్నా సముద్రానికి పోతాయి. తీరం వెంట రొయ్య పిల్లల హేచరీలు, చెరువులు ఉన్నాయి. ఉప్పుటేరు నీటిని చెరువుకు తోడే రైతు పైనున్న ఊరి మురుగును కూడా తోడుకుంటున్నాడు. రొయ్యల సాగు వదిలే నీటిపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎస్.జగన్నాథ్ కేసులో కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ సాగు మీద పడిన నిఘాలో నాలుగో వంతు కూడా పట్టణాలు వదిలే మురుగు మీద పడలేదు. ఇది న్యాయం కాదు. సాగు వల్ల ఊరికీ, ఊరి వల్ల సాగుకూ జరిగే నష్టాన్ని ఒకే తూకంలో వేయాలి.

చట్టం వైపు నుంచి పట్టణాలకు తప్పించుకునే దారి ఏనాడో మూసుకుపోయింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ డబ్బు లేదు కాబట్టి కాలువలు కట్టలేమని వాదిస్తే, నిధుల కొరత సాకు కాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం తేల్చింది. చిన్న పట్టణాల మురుగు గురించి ఈ దేశంలో వచ్చిన అతి ముఖ్యమైన తీర్పు అదే. 2017లో పర్యావరణ సురక్షా సమితి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలను అనుసరించి జాతీయ హరిత ట్రైబ్యునల్ గడువులు పెట్టింది. 2021 మార్చి 31 లోపు శుద్ధి కేంద్రం పూర్తికాకపోతే ఒక్కో కేంద్రానికి నెలకు పది లక్షల రూపాయల పరిహారం కట్టాలన్నది అందులో ఒకటి. ఏడాదికి అది కోటీ ఇరవై లక్షలు. యాభై వేల జనాభాకు సుమారు 12,500 ఇళ్లనుకుంటే, ఇంటికి నెలకు వంద రూపాయల చొప్పున అందరూ మురుగు రుసుము కట్టినా ఏడాదికి కోటిన్నర వస్తుంది. వ్యవస్థను నడపడానికి అక్కరకు రావలసిన డబ్బుకు, నడపనందుకు కట్టవలసిన పరిహారానికి మధ్య ఉన్న తేడా ఇంతే. అయితే ఆ పరిహారం పట్టణం నుంచి తీసుకుని ఎక్కడో జమ చేస్తే మురుగు ఒక్క చుక్క కూడా తగ్గదు. వసూలైన సొమ్మును అదే ఊరి మురుగు ఖాతాకు కట్టిపడేస్తేనే ఆ ఆదేశానికి ప్రయోజనం ఉంటుంది.

పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందన్నది తరువాతి అంశం. 2015లో మొదలైన అమృత్ పథకం ప్రధానంగా లక్ష దాటిన నగరాల కోసం వచ్చింది. 2021 అక్టోబరు 1న ఒకేరోజు రెండు పథకాల రెండో దశలు మొదలయ్యాయి. అమృత్ 2.0 తాగునీటిని అన్ని పట్టణాలకూ విస్తరించినా, మురుగు పనిని మొదటి దశలోని అయిదు వందల నగరాలకే ఉంచింది. లక్ష లోపు పట్టణాల మురుగునీరు స్వచ్ఛభారత్ పట్టణ మిషన్ 2.0 కిందికి వచ్చింది. అక్కడ కేంద్రం వాటా సగం. కాలువల్లో పారే మురుగును అడ్డగించి మళ్లించడం, శుద్ధి కేంద్రాలు, ట్యాంకులు ఖాళీ చేసే వాహనాలు దాని ప్రధాన పద్దులు. ఇంటింటికీ గొట్టాల వల అందులో కేంద్ర బిందువు కాదు. ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు 2018 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని లక్ష లోపు జనాభా పట్టణాల కోసం 40 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. ఆ ప్రాజెక్టు పేరే పట్టణ నీటి సరఫరా, సెప్టేజ్ నిర్వహణ మెరుగుదల. ఇచ్చేవాళ్ల మాట ఈ పేర్లలోనే స్పష్టంగా ఉంది: చిన్న పట్టణానికి ముందు నీళ్లు, తర్వాత ట్యాంకుల మడ్డి నిర్వహణ. గొట్టాల వల ఆ తరువాతి సంగతి. రాజకీయ వాగ్దానం మాత్రం గొట్టాల వల దగ్గరే ఆగి ఉంది. పట్టణ ప్రజలకు ఈ తేడా విడమరిచి చెప్పినవారు తక్కువ.

ఇందుకు దగ్గరి అనుభవం నెల్లూరు నగరంలోనే ఉంది. అక్కడ హడ్కో రుణంతో తాగునీటి, భూగర్భ డ్రైనేజీ పనులు 2014-19 మధ్య మొదలయ్యాయి. వీధులు తవ్వారు, గొట్టాలు దించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వ్యవస్థ పూర్తికాక ఇళ్ల కనెక్షన్లు అందలేదు. తవ్విన రోడ్ల గుంతలు జనానికి మిగిలాయి. అయిదు లక్షలు దాటిన జనాభా, కార్పొరేషన్ హోదా, సొంత ఇంజనీరింగ్ విభాగం ఉన్న నగరానికే ఇది ఇంత కష్టమైతే, అతికొద్దిమంది ఇంజనీర్లతో నడిచే నగర పంచాయతీ మాటేమిటి? గొట్టం దించిన రోజు నుంచి రుణం మీద వడ్డీ నడుస్తుంది. కనెక్షను ఇచ్చేదాకా రుసుము రాదు. ఈ రెంటి మధ్య కాలం ఎంత సాగితే పట్టణం అంత లోతుకు పోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక కూడా దేశమంతటికీ ఇదే చెబుతుంది. పట్టణాల్లో రోజుకు పుట్టే సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగులో నిజంగా శుద్ధి అవుతున్నది 28 శాతం. స్థాపించిన శుద్ధి సామర్థ్యం మాత్రం 44 శాతానికి సరిపోతుంది. కట్టినవి కూడా నిండా నడవడం లేదు.

పెట్టుబడిలో పెద్ద వాటా పైప్రభుత్వం ఇస్తే ఏమవుతుందో అమెరికా చూసింది. 1972 స్వచ్ఛజల చట్టం కింద పట్టణాల శుద్ధి కేంద్రాలకు కేంద్రం 75 శాతం గ్రాంటు ఇచ్చింది. తమ జేబు నుంచి పోయేది పావలా వంతే కాబట్టి పట్టణాలు అవసరానికి మించిన, ఖరీదైన కేంద్రాలు కట్టుకున్నాయని అక్కడి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 1985లో విశ్లేషించింది. 1981 సవరణతో వాటాను 55 శాతానికి తగ్గించారు. 1987లో గ్రాంటు పద్ధతికి స్వస్తి పలికి రాష్ట్రాల దగ్గర తిరిగి తిరిగి వాడుకునే రుణనిధి ఏర్పాటు చేశారు. ఒక పట్టణం తీర్చిన అప్పు మరో పట్టణానికి పెట్టుబడి అవుతుంది. మలేసియా మరో దారి పట్టింది. 1994లో దేశంలో చాలా భాగం మురుగును ఇండా వాటర్ అనే ఒక్క ప్రైవేటు సంస్థకు అప్పగించింది. నీళ్ల బిల్లు వేరు, మురుగు బిల్లు వేరు కావడంతో జనం మురుగు బిల్లు కట్టలేదు, రుసుములు పదేపదే తగ్గించాల్సి వచ్చింది, 2000లో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. నీళ్లు ఆపేస్తామంటే బిల్లు కడతారు. మురుగు ఆపేస్తామని ఎవరినీ బెదిరించలేరు. అందుకే రుసుము రెంటికీ కలిపి ఒకే బిల్లుగా ఉండటం తప్పనిసరి.

నెల్లూరు జనానికి బస్సులో నాలుగైదు గంటల దూరంలోనే మెరుగైన ఉదాహరణ ఉంది. చెన్నై శివారులోని ఆలందూరు 1990ల చివర్లో వేరే మున్సిపాలిటీ. జనాభా లక్ష దాటి ఉండేది. అక్కడ మురుగు పథకానికి గొట్టం కొనకముందే ఇంటికి అయిదు వేల రూపాయల చొప్పున కనెక్షను డిపాజిట్ వసూలు చేశారు. వీధివీధినా సమావేశాలు పెట్టి నెలసరి రుసుము ఎంతో ముందే చెప్పారు. మిగిలిన సొమ్ము తమిళనాడు పట్టణాభివృద్ధి నిధి రుణంతోనూ, రాష్ట్ర సాయంతోనూ సమకూర్చారు. శుద్ధి కేంద్రాన్ని ప్రైవేటు సంస్థలు సొంత పెట్టుబడితో కట్టి కొన్నేళ్లు నడిపి అప్పగించే పద్ధతిలో ఇచ్చారు. ఆ పని చేసినవారిలో హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్ ఒకటి. డిపాజిట్ కట్టిన మనిషి పని ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతాడు. ఉచితంగా వస్తుందనుకున్న మనిషి ఎదురుచూస్తాడు. ఈ తేడా ఆలందూరులో పనిచేసింది. అయితే ఆలందూరు మహానగరం అంచున ఉన్న ఊరు. భూముల విలువ ఎక్కువ, జీతాలు వచ్చే కుటుంబాలు ఎక్కువ, ఇళ్లు దగ్గరదగ్గర. కావలిలోనైనా ఆ డిపాజిట్ అంత సులువుగా వస్తుందని అనుకోవడానికి లేదు. పద్ధతిని తీసుకోవచ్చు, మొత్తాన్ని కాదు.

గొట్టాల వల వద్దు, సెప్టిక్ ట్యాంకుల మడ్డినే సక్రమంగా తీసి శుద్ధి చేద్దామనే వాదన 2017 నాటి జాతీయ విధానంతో బలపడింది. కర్ణాటకలోని దేవనహళ్లిలో 2015లో చిన్న పట్టణ స్థాయి మడ్డి శుద్ధి కేంద్రం మొదలైంది. తెలుగు నేల మీద వరంగల్, పశ్చిమగోదావరి నరసాపురం ఇలాంటివి ముందుగా పెట్టుకున్న ఊళ్లు. మహారాష్ట్రలోని వాయి పట్టణం 2018 నుంచి ప్రతి ఇంటి ట్యాంకునూ మూడేళ్లకోసారి వరస ప్రకారం ఖాళీ చేయిస్తూ, దానికి పారిశుధ్య పన్ను వేసింది. ఫిలిప్పీన్స్‌లో డుమగెటె అనే తీర పట్టణం జనాభాలో కావలికి కాస్త పెద్దన్న. అక్కడ 2010 నుంచి నీటి బిల్లులోనే ఘనపు మీటరుకు రెండు పెసోలు కలిపి వసూలు చేసి, ట్యాంకులు ఖాళీ చేసి, మడుగుల్లో శుద్ధి చేస్తున్నారు. నెల్లూరు తీరానికి అంకె వేసి చూస్తే, 12,500 ఇళ్ల ఊళ్లో మూడేళ్లకోసారి చొప్పున ఏడాదికి సుమారు 4,170 ట్యాంకులు, 300 పనిదినాలకు రోజుకు 14 ట్రిప్పులు. ట్రిప్పుకు మూడు వేల లీటర్లు అనుకుంటే రోజుకు 42 వేల లీటర్ల మడ్డి. మూడు నాలుగు లారీలు, రెండెకరాల స్థలం, కొద్దిమంది సిబ్బందితో అయ్యే పని. ఇప్పుడు ట్యాంకు పొంగితేనే ఫోను చేస్తారు, లారీవాడు దాన్ని ఏ చేలోనో, ఏ వాగులోనో ఒంపి వస్తాడు. వరస ప్రకారం తీయడం, దింపే చోటు ఇవ్వడం, ఈ రెండు మార్పులతో ఊరి మురుగులో అత్యంత ప్రమాదకరమైన భాగం అదుపులోకి వస్తుంది.

ఈ వాదనకున్న బలహీనతను దాని సమర్థకులు తక్కువగా ప్రస్తావిస్తారు. 42 వేల లీటర్ల మడ్డి ఆ ఊరి మొత్తం మురుగులో నూటికి రెండు వంతులు కూడా కాదు. మిగిలిన నీరంతా, అంటే స్నానాల, వంటింటి, బట్టల నీరు, ట్యాంకు నుంచి పొర్లే నీరు సైడు కాలువలోనే ఉంటుంది. దోమలూ అక్కడే, వాసనా అక్కడే, పులికాట్‌కు పోయేదీ అదే. పైగా అడుగు కట్టని ట్యాంకులు, ఇంటి నడిమధ్య మూత లేకుండా కట్టిన ట్యాంకులు, గోతులే తప్ప ట్యాంకులు కాని ట్యాంకులు చాలా ఉంటాయి. వాటిని ఖాళీ చేయడమూ కష్టమే, నమ్మడమూ కష్టమే. కాబట్టి మడ్డి నిర్వహణ మొదటి మెట్టు. దాన్నే ఆఖరి మెట్టుగా చూపడం చిన్న పట్టణాలకు తక్కువ రకం సేవ సరిపోతుందని చెప్పడమే అవుతుంది. పెద్ద నగరంలో ఇంటింటికీ గొట్టం, చిన్న ఊళ్లో ఎప్పటికీ లారీ అనే విభజనను ఏ పన్ను చెల్లింపుదారైనా ఎందుకు ఒప్పుకోవాలి?

గొట్టాల వలకూ లారీలకూ నడుమ ఇంకో దారి ఉంది. ఆంధ్రప్రదేశ్ చర్చల్లో అది దాదాపు వినబడదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని చిన్న ఊళ్లు 1960ల నుంచి సెప్టిక్ ట్యాంకులను అలాగే ఉంచి, వాటినుంచి పొర్లే నీటిని మాత్రమే సన్న గొట్టాలతో ఒకచోటికి చేరుస్తున్నాయి. మడ్డి ట్యాంకులోనే ఆగిపోతుంది కాబట్టి గొట్టంలో పేరుకునేది లేదు. వేగం నియమం సడలుతుంది, వాలు తక్కువైనా నడుస్తుంది, గొట్టం సన్నగా ఉండొచ్చు, తక్కువ లోతులో ఉండొచ్చు. ప్రతి మలుపులోనూ పెద్ద మ్యాన్‌హోలు అక్కర్లేదు. మట్టసమంగా ఉండి, ఊట పైకే ఉండి, ఇప్పటికే సెప్టిక్ ట్యాంకులు కట్టుకున్న తీరానికి ఇంతకంటే అనుకూలమైన పద్ధతి మరొకటి కనబడదు. ఒక్క షరతు: ట్యాంకులను వరస ప్రకారం ఖాళీ చేయడం ఎన్నటికీ ఆగకూడదు, ఆగితే మడ్డి గొట్టంలోకి వచ్చి అంతా మూసుకుపోతుంది. అంటే మొదటి మెట్టు సరిగా వేసిన ఊరికే రెండో మెట్టు ఎక్కే అర్హత. బ్రెజిల్‌లో 1980లలో నటాల్ నగరంలో మొదలైన మరో పద్ధతి ఇళ్ల వరుసను ఒక యూనిట్‌గా తీసుకుని పెరళ్ల గుండా, నడకదారి కింద తక్కువ లోతులో గొట్టం వేయడం. బ్రెజిలియా 1990లలో దాన్ని పేదల వాడలకే కాక అన్ని పేటలకూ వాడింది. కరాచీలోని ఒరంగిలో 1980 నుంచి అఖ్తర్ హమీద్ ఖాన్ నడిపిన ప్రయత్నంలో సందులోని గొట్టం ఖర్చు ఇళ్లవాళ్లు పెట్టుకున్నారు, పెద్ద కాలువ బాధ్యత ప్రభుత్వానిదని చెప్పారు. సందు పని అనుకున్నదానికంటే బాగా జరిగింది, పెద్ద కాలువ కోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. జనం చేయగలిగింది ఏదో, ప్రభుత్వమే చేయవలసింది ఏదో ఒరంగి స్పష్టంగా వేరుచేసి చూపింది.

ఏ పద్ధతి ఎంచుకున్నా మ్యాన్‌హోలులోకి, ట్యాంకులోకి మనిషి దిగే పరిస్థితి రాకూడదు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అలా దించడాన్ని నేరం చేసింది. మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో పది లక్షలుగా, 2023 అక్టోబరులో ముప్పై లక్షలుగా నిర్ణయించింది. తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. అయినా చిన్న పట్టణాల అంచనా నివేదికల్లో జెట్టింగ్ యంత్రం, పూడిక తీసే యంత్రం, గాలి పరీక్ష పరికరం పేర్లు చివరి పేజీల్లో ఉంటాయి, నిధులు తగ్గినప్పుడు మొదట కోత పడేది వాటికే. లోతైన గొట్టాల వ్యవస్థలో ఆ కోత ప్రాణాలకు ముప్పు. తక్కువ లోతు గొట్టాల పద్ధతికి మొగ్గు చూపడానికి ఖర్చు తర్వాత ఇదీ బలమైన కారణమే.

అమలు చేయవలసింది ఇంజనీరింగ్ కంటే ముందు పద్దుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ మురుగు పథకాలను ప్రజారోగ్య ఇంజనీరింగ్ విభాగం గీసి, కట్టించి మున్సిపాలిటీకి అప్పగిస్తుంది. గీసేవారు నడపరు, నడిపేవారు గీయరు. కాంట్రాక్టులో కట్టిన సంస్థే కనీసం పదేళ్లు నడిపి, శుద్ధి అయిన నీటి నాణ్యతను బట్టి డబ్బు తీసుకునే నిబంధన ఉంటే ఈ విడాకులకు కొంత అడ్డు పడుతుంది. గొట్టాలకు ముప్పై ఏళ్లు, పంపులకు పదిహేనేళ్లు ఆయువు అని మాన్యువలే లెక్క వేస్తుంది కాబట్టి, పంపు మార్పిడి నిధిని మొదటి ఏడాది నుంచే పక్కన పెట్టాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా పట్టణాల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికే కట్టడి చేసింది. అలాంటి కట్టడి నిధిలో ఒక భాగం నిర్వహణకు మాత్రమే వాడాలని రాష్ట్రం నియమం పెట్టవచ్చు. 2020లో రాష్ట్రం ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చింది, పెంపు ఏడాదికి 15 శాతం మించకుండా హద్దు పెట్టింది. ఆ పెరిగిన రాబడిలో మురుగు వాటా ఎంతో చెప్పకుండా మళ్లీ వేరే రుసుము వేస్తే ప్రజలు ఎదురు తిరగడం సహజం. ఆస్తిపన్నులోంచి స్థిర ఖర్చు, నీటి బిల్లులోంచి వాడకం ఖర్చు అని రెండు పద్దులుగా విడగొట్టి చెప్పినప్పుడు, పేద కుటుంబాలకు రాయితీ ఎవరు భరిస్తున్నారో కూడా లెక్కలో కనబడుతుంది.

ఒక్కో ఊరు ఒక్కో శుద్ధి కేంద్రం కట్టుకోవడం కూడా అవసరం లేదు. బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు వంటి నెల్లూరు చుట్టుపక్కల ఊళ్ల ట్యాంకుల మడ్డిని నగర శుద్ధి కేంద్రంలోనే కలిపి శుద్ధి చేయవచ్చు. కావలి తన చుట్టూ ఉన్న పంచాయతీలకు, నాయుడుపేట, సూళ్లూరుపేట తమ తమ పరిసరాలకు కేంద్రాలు కావచ్చు. ఇందుకు మున్సిపాలిటీకీ పంచాయతీలకూ మధ్య ట్రిప్పుకు ఇంత అని ఒప్పందం ఉండాలి. పట్టణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖలు వేర్వేరు ఖాతాలు నడుపుతున్నంత కాలం ఆ ఒప్పందం కుదరదు కాబట్టి, జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన ఉమ్మడి ఖాతా తెరవడం తేలికైన మార్గం. ఎండ ఎక్కువగా ఉండి, స్థలం దొరికే చోట కరెంటు అక్కర్లేని మడుగుల పద్ధతి శుద్ధికి సరిపోతుంది. ఇరుకు ఊళ్లకే యంత్రాల కేంద్రం అక్కర. మడుగులకు స్థలం ఎంచేటప్పుడు తుపాను ఉప్పెన గీతనూ, తీర నియంత్రణ మండలం పటాన్నీ ముందే చూసుకోకపోతే తర్వాత అనుమతుల దగ్గర ఏళ్లు గడిచిపోతాయి.

శుద్ధి అయిన నీటికి కొనుగోలుదారు దొరికితే నిర్వహణ ఖర్చులో కొంత తిరిగొస్తుంది. 2016 విద్యుత్ టారిఫ్ విధానం శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు ఆ నీటిని వాడాలని చెప్పింది. నెల్లూరుకు కృష్ణపట్నం థర్మల్ కేంద్రం ఆ దూరంలోనే ఉంది. చిన్న ఊళ్లకు అలాంటి కొనుగోలుదారు లేకపోయినా, ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చెరువు కింద జొన్న, పశుగ్రాసం వేసుకునే రైతు ఉన్నాడు. అతనికి నీరు ఇవ్వాలంటే అది నిజంగా శుద్ధి అయిందని నెలనెలా పరీక్ష ఫలితం మున్సిపల్ ఆఫీసు గోడ మీద అంటించాలి. ఆ కాగితమే రుసుము కట్టే ఇంటికీ, నీరు తోడే రైతుకూ, ఉప్పుటేరు దిగువన ఉన్న హేచరీకీ ఒకే సాక్ష్యం. దాన్ని తయారుచేసే ప్రయోగశాల ఖర్చు పథకం అంచనాలో మొదటి పేజీలోనే ఉండాలి.